ఆమెది మొండితనం... ఆయనది పట్టుదలా?

'ఇంటెలిజెంట్, బట్ అబ్‌స్టినేట్.'

పాతికేళ్ళకు పైగా హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. వేలకొద్దీ ప్రోగ్రెస్ కార్డుల్లో రిమార్కులు రాసుంటాను. రాసినవన్నీ ఎవరికి గుర్తుంటాయి చెప్పండి? కానీ 1994లో తొమ్మిదో తరగతి చదువుతున్న ఓ అమ్మాయి కార్డు మీద ఎర్ర సిరాతో రాసిన ఈ మూడు మాటలు మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

జరిగింది చెబుతాను. అర్ధసంవత్సర పరీక్షల్లో ఆ పిల్ల బెంచీ కింద ఓ చీటీ దొరికింది. 'కాపీ కొట్టానని ఒప్పుకుని క్షమాపణ పత్రం రాసివ్వు, వదిలేస్తాం' అన్నారు. 'ఆ చీటీ నాది కాదు టీచరుగారూ' అంది. అంతే, మరో మాట లేదు. నాలుగు రోజులు క్లాసు బయట నిలబెట్టారు. నిలబడింది. ఏడవలేదు, ఎదురు చెప్పలేదు, పత్రం మాత్రం రాయలేదు. ఆ చేతిరాత ఆమెది కాదని ఐదో రోజు నేనే పోల్చుకున్నాను. గొడవ అక్కడితో ఆగింది. కానీ క్లాసు టీచరుగా నా మాట కూడా వినలేదన్న ఉక్రోషం నాలో మిగిలిపోయింది. ఏడాది చివర రిమార్కు రాసేటప్పుడు అది కలంలోంచి దిగింది.

జూన్‌లో స్కూలు తెరిస్తే ఆ అమ్మాయి రాలేదు. వారం చూసి వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి కిరాణా కొట్లో గుమాస్తా. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేశాడు. మర్యాదకేమీ లోటు లేదు. 'మీరే రాశారు కదమ్మా, పిల్ల మాట వినదని! పక్కింటి కుర్రాడు చదివి చెప్పాడు. ఇంకా చదివిస్తే అసలు మన చేతికి దొరుకుతుందా? మా అక్క కొడుకున్నాడు. ఇచ్చేద్దామనుకుంటున్నాం' అన్నాడు.

'అయ్యో, ఆ మాటకి అర్థం అది కాదండీ' అన్నాను. అబద్ధం. ఆ మాటకి అర్థం అదే. నేను రాసింది ఆ అర్థంతోనే.

ఆ అమ్మాయికి ఒక ఏడాది పోయింది. మరుసటి జూన్‌లో పదో తరగతిలో వచ్చి కూర్చుంది. తండ్రిని ఎలా ఒప్పించిందో నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు. కానీ అప్పటినుంచి ఇంగ్లీషులో ఈ మొండితనం మాటలు ఎక్కడ కనిపించినా ఆగి చూడటం అలవాటైంది. ఎవరిని ఏ మాటతో పిలుస్తున్నారు? ఎందుకు? చూస్తూ పోతే చాలా సంగతులే తెలిశాయి.

ఒకే గుణం, మూడు పేర్లు

ఇంగ్లీషు వ్యాకరణంలో మొదట నేర్పేది 'ఐ యామ్, యు ఆర్, హీ ఈజ్'. నేను, నువ్వు, అతను. బెర్ట్రండ్ రస్సెల్ అనే తత్త్వవేత్త 1948లో బీబీసీ రేడియో కార్యక్రమంలో ఈ పాఠం మీదే ఓ చమత్కారం విసిరాడు. దాని సారాంశం ఇదీ: మొండితనం నాదైతే నేను 'ఫర్మ్'. అదే నీదైతే నువ్వు 'అబ్‌స్టినేట్'. ఇక్కడ లేని మూడో మనిషిదైతే వాడు 'పిగ్‌హెడెడ్' మూర్ఖుడు!

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కాస్త ఆగి మన ఇంట్లో చూసుకుందాం. మా నాన్నగారికి కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషన్ వద్దంటే వద్దన్నారు. రెండేళ్ళు గోడలు పట్టుకుని నడిచారు. బంధువులందరూ ఏమన్నారు? 'ఆయనది విల్‌పవర్ అమ్మా!' అన్నారు. అదే ఇంట్లో మా అమ్మ, తన పసుపుకుంకాల కింద వచ్చిన అరెకరం అమ్మడానికి సంతకం పెట్టనంది. 'మీ అమ్మ ఇంత అడమెంట్ అనుకోలేదు' అన్నారు. నిజానికి నాన్నగారి పట్టు వల్ల ఆయన కన్ను పాడైంది. అమ్మ పట్టు వల్ల ఆ అరెకరం మిగిలింది. మా చెల్లెలి పెళ్ళి దానిమీదే జరిగింది.

రస్సెల్ గారి వ్యాకరణంలో నేను, నువ్వు, అతను ఉన్నారు. మన ఇళ్ళలో వీళ్ళకి తోడు 'ఆమె' కూడా ఉంటుంది. ఆమెకి దొరికే మాట ఎప్పుడూ ఓ మెట్టు కిందే!

తెలుగు మాత్రం తక్కువ తిన్నదా అంటారేమో. లేదు లెండి. 'మొండివాడు రాజుకంటే బలవంతుడు' అని సామెత ఉంది. మొండిది రాణికంటే బలవంతురాలని ఎక్కడైనా విన్నారా? ఆడదానికి మనం దాచిపెట్టిన మాటలు వేరు. 'మొండిఘటం', 'గయ్యాళి', 'మంకుపట్టు మనిషి'. పోనీ, ఆమె పట్టుకున్న కుందేలుకు మూడే కాళ్ళు అని సరిపెడతాం. ఇలాంటివి తెలుగులో అంటే నోరు జారినట్టుంటుంది. ఇంగ్లీషులో అంటే మర్యాదగా, ఆఫీసు కాగితంలా ఉంటుంది. అందుకే కాబోలు ఇంగ్లీషు రాని ఇళ్ళలోకి కూడా 'అడమెంట్' వచ్చి కూర్చుంది.

తిట్లు పశువుల కొట్టంలోవి, మెప్పులు యుద్ధరంగంలోవి

ఇంగ్లీషులో ఈ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చూడండి. ఎదుటివాళ్ళ మొండితనాన్ని చెప్పేటప్పుడు ఆ భాష తిన్నగా పశువుల కొట్టంలోకి వెళుతుంది. 'పిగ్‌హెడెడ్' అంటే పంది తలకాయ. 'బుల్‌హెడెడ్' అంటే ఎద్దు తలకాయ. 'మ్యూలిష్' అంటే కంచరగాడిద వాటం. 'రికాల్సిట్రంట్' అని ఓ పెద్ద మాట ఉంది, ఆఫీసు ఉత్తరాల్లో కనిపిస్తుంది. దాని పుట్టుక లాటిన్‌లో మడమకి ఉన్న మాట. వెనక్కాళ్ళతో తన్నే జంతువని అర్థం.

అదే తమ మొండితనమైతే? అప్పుడు భాష యుద్ధరంగానికి వెళుతుంది. 'స్టిక్ టు యువర్ గన్స్' అంటే ఫిరంగి దగ్గర్నుంచి కదలని సైనికుడన్నమాట. 'స్టాండ్ యువర్ గ్రౌండ్' అంటే కాలు నిలిపిన చోటు వదలకపోవడం. 'డైహార్డ్' అన్న మాట సంగతీ అంతే. 1811లో స్పెయిన్‌లోని ఆల్బ్యూరా దగ్గర జరిగిన యుద్ధంలో గాయపడి పడిపోయిన ఓ బ్రిటిష్ కర్నల్, తన 57వ పటాలాన్ని గట్టిగా నిలబడి ప్రాణాలివ్వమని హెచ్చరించాడు. ఆ పటాలానికి డైహార్డ్స్ అనే పేరు అలా స్థిరపడింది. ఇప్పుడు సినిమా హీరోల అభిమానులు కూడా డైహార్డ్ ఫ్యాన్సే!

మనకి కూడా ఓ జంతువు ఉంది. ఉడుము. కానీ 'ఉడుంపట్టు' అంటే తిట్టు కాదు. సగం మెప్పు, సగం భయం. ఈ ఒక్క విషయంలో తెలుగు కాస్త ఉదారంగానే ఉందనిపిస్తుంది.

ఇక మనవాళ్ళు తరచూ వాడే 'అడమెంట్' సంగతి వింటే ఆశ్చర్యపోతారు. గ్రీకు భాషలో 'అడమాస్' అంటే లొంగనిది, పగలనిది. వజ్రానికి ఇంగ్లీషులో ఉన్న 'డైమండ్' అన్న మాట కూడా ఆ ఇంటి పిల్లే. కాబట్టి ఈసారి ఎవరైనా మిమ్మల్ని 'చాలా అడమెంట్' అంటే, 'వజ్రం అన్నందుకు థాంక్సండీ' అని చెప్పి చూడండి!

నా 'అబ్‌స్టినేట్' మాటేమిటి? అది కూడా వెతికాను. లాటిన్‌లో 'నిలబడటం' అన్న ధాతువు నుంచి వచ్చిందది. మెచ్చుకోలుగా వాడే 'పర్సిస్టెంట్' కూడా నిలబడటంలోంచి పుట్టిందే. రెండూ అక్కచెల్లెళ్ళు. ఆ పిల్ల నాలుగు రోజులు నిలబడింది కదా! కార్డులో ఏ చెల్లెల్ని రాయాలన్నది నా చేతిలో ఉంది. నేను ఎంచుకున్నది అక్కని.

తిట్టిన మాటే జెండా అయింది

ఇళ్ళలోనే కాదు, దేశాలేలే చోటా ఇదే వరస. 1906లో ఇంగ్లండులో ఓటుహక్కు కోసం పోరాడుతున్న ఆడవాళ్ళని ఎగతాళి చేయడానికి డెయిలీ మెయిల్ పత్రిక 'సఫ్రజెట్' అన్న మాట పుట్టించింది. 'సఫ్రేజ్' అంటే ఓటుహక్కు. దానికి తగిలించిన 'ఎట్' అనే తోక చిన్నదని చెప్పడానికి. చిన్న వంటిల్లు కిచెనెట్, చిన్న ఓటు మనిషి సఫ్రజెట్! ఆ ఆడవాళ్ళు ఉడుక్కోలేదు. ఆ పేరే పెట్టుకున్నారు. 1912లో తమ పత్రికకి 'ది సఫ్రజెట్' అనే పేరు పెట్టారు. జైళ్ళలో నిరాహార దీక్షలు చేశారు. 1918లో ముప్ఫై ఏళ్ళు దాటి, కొంత ఆస్తి అర్హత ఉన్న ఆడవాళ్ళకి ఓటు వచ్చింది. మగవాళ్ళతో సమానంగా రావడానికి 1928 దాకా ఆగాల్సి వచ్చింది.

అమెరికాలో 1955 డిసెంబరు 1న, మాంట్‌గోమరీ నగరంలో రోజా పార్క్స్ బస్సులో తెల్లవాళ్ళకోసం సీటు వదిలి లేవనంది. కథ మనందరికీ తెలిసిందే. తెలియని ముక్క ఒకటుంది. చాలా కాలం పుస్తకాల్లో ఆమెను 'టైర్డ్' అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. పాపం, పొద్దున్నుంచి బట్టలు కుట్టి అలసిపోయింది, కాళ్ళు నొప్పి, అందుకే లేవలేదు అని. ఆ మాట ఆమెకి నచ్చలేదు. తాను ఒంటి అలసటతో కాదు, లొంగిపోయి లొంగిపోయి విసిగిపోయి లేవలేదని తర్వాత స్వయంగా చెప్పుకుంది. అప్పటికే ఆమె నల్లజాతివారి హక్కుల సంఘానికి స్థానికంగా కార్యదర్శిగా పనిచేసిన మనిషి. ఆడది ఆలోచించి 'కాదు' అందంటే నమ్మబుద్ధి కాదేమో, కాళ్ళనొప్పులంటే తేలిగ్గా నమ్ముతారు! ఆ 'కాదు' వెనక మాంట్‌గోమరీ నల్లవాళ్ళు 381 రోజులు బస్సు ఎక్కలేదు.

2017 ఫిబ్రవరిలో అమెరికా సెనేట్‌లో ఎలిజబెత్ వారెన్ అనే సభ్యురాలు ఓ ఉత్తరం చదువుతుండగా ఆపించేశారు. అది మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ 1986లో రాసిన ఉత్తరం. ఎందుకు ఆపారో వివరిస్తూ అక్కడి మెజారిటీ నాయకుడు, 'హెచ్చరించాం, వివరించాం, అయినా ఆమె పర్సిస్ట్ అయింది' అన్న అర్థంలో మాట్లాడాడు. ఆయన చేసింది ఫిర్యాదు. తెల్లారేసరికి ఆ మాట ఆడవాళ్ళ నినాదమైంది. టీషర్టుల మీదకీ, కాఫీ కప్పుల మీదకీ ఎక్కింది. చూశారా, అక్కాచెల్లెళ్ళలో మంచి చెల్లెలే! కానీ ఆయన నోట్లో అది తిట్టు, ఆడవాళ్ళ చొక్కామీద అది పతకం.

అన్ని పట్లూ మంచివేనా?

ఇంతవరకూ చదివి 'అయితే ఆడవాళ్ళు ఏం పట్టుపట్టినా సరైందేనంటారా' అని అడగొచ్చు. అలా అనను. మార్గరెట్ థాచర్ సంగతి తీసుకోండి. 1976లో సోవియట్ సైనిక పత్రిక 'రెడ్ స్టార్' ఆమెను వెక్కిరింపుగా 'ఐరన్ లేడీ' అంది. ఆమె ఆ వారంలోనే ఓ సభలో ఆ పేరు నవ్వుతూ తగిలించుకుంది. ప్రధాని అయ్యాక, 1980లో నిరుద్యోగం పెరిగిపోతుంటే సొంత పార్టీవాళ్ళే 'యూ టర్న్ తీసుకోండి' అన్నారు. మీరు కావాలంటే తిరగండి, నేను తిరగను అని నిండు సభలో చెప్పింది. చప్పట్లే చప్పట్లు. అప్పుడామె 'ఫర్మ్', 'రిజల్యూట్'.

పదేళ్ళు గడిచాయి. మనిషికింత అని తలపన్ను వేసింది. 1990 మార్చిలో లండన్ వీధుల్లో అల్లర్లు జరిగాయి. ఈసారీ ఆమె తిరగలేదు. కానీ ఈసారి చప్పట్లు లేవు. ఆ ఏడాది నవంబరులో పదవి దిగిపోవాల్సి వచ్చింది. పన్ను ఒక్కటే కారణం కాదుగానీ, మనిషి అదే, స్వభావం అదే. పట్టు వల్ల ఎవరికి నొప్పి కలుగుతోందో వినడం మానేస్తే, ఫర్మ్ అన్న మాట స్టబ్బర్న్ కావడానికి ఎంతోసేపు పట్టదు. అది ఆడవాళ్ళకైనా, మగవాళ్ళకైనా ఒకటే.

ఆ దేశం మళ్ళీ మారిందా అంటే, 2016లో థెరెసా మే ప్రధాని పదవికి పోటీ పడుతున్నప్పుడు సొంత పార్టీ పెద్దమనిషి ఒకాయన, టీవీ కెమెరా నడుస్తోందని గమనించక, ఆమెను 'డిఫికల్ట్ వుమన్' అన్నాడు. ముందు ఓ తిట్టు కూడా చేర్చాడు లెండి. ఆమె కూడా ఆ పేరే నెత్తిన పెట్టుకుంది. 'డిఫికల్ట్ మాన్' అన్న మాట మీరెప్పుడైనా ఎన్నికల్లో విన్నారా?

మన వీధుల్లోకి వచ్చిన ఇంగ్లీషు పట్టు

బడి గడప తొక్కని మన అమ్మమ్మలకి కూడా వచ్చిన ఇంగ్లీషు మాటలు కొన్నున్నాయి. స్ట్రైకు, పికెటింగు, బాయ్‌కాట్. మూడూ 'మేం కదలం' అని చెప్పే మాటలే.

స్ట్రైకు పుట్టింది 1768లో లండన్ రేవులో. నావికులు ఓడల తెరచాపలు దించేసి కూర్చున్నారు. చాపలు దించడాన్ని వాళ్ళ భాషలో 'స్ట్రైక్' అంటారు. బాయ్‌కాట్ అయితే ఓ మనిషి పేరు! 1880లో ఐర్లండులో ఓ జమీందారు దగ్గర ఏజెంటుగా ఉన్న కెప్టెన్ బాయ్‌కాట్, కౌలు తగ్గించమన్న రైతుల మొర వినలేదు. ఊరు ఊరంతా ఆయన్ని వెలివేసింది. పంట కోసేవాళ్ళు లేరు, ఇంట్లో పనిచేసేవాళ్ళు లేరు, కొట్టువాడు సరుకులివ్వడు. మన పల్లెటూళ్ళలో నిప్పూ నీళ్ళూ పుట్టకుండా చేయడమంటామే, అచ్చంగా అదే. ఆ మనిషి పేరు ఇప్పుడు మన బజారు గోడల మీద కూడా ఉంది.

గాంధీగారికి కూడా ఇంగ్లీషు మాటతో ఓ పేచీ వచ్చింది. దక్షిణాఫ్రికాలో ఆయన ఉద్యమాన్ని 'పాసివ్ రెసిస్టెన్స్' అనేవారు. పాసివ్ అంటే చలనం లేనిది, చేతకానివాళ్ళది అనే ధ్వని వస్తుంది. ఆయనకి అది నచ్చలేదు. తన పత్రికలో మంచి పేరు సూచించమని పాఠకులనే అడిగారు. వచ్చిన 'సదాగ్రహం' అన్న మాటని మార్చి 'సత్యాగ్రహం' చేశారు. మనం తెలుగులో ఆగ్రహం అంటే కోపం అనుకుంటాం. సంస్కృతంలో ఆగ్రహం అంటే గట్టిగా పట్టుకోవడం. సత్యాన్ని పట్టుకుంటే సత్యాగ్రహం, చెడ్డదాన్ని పట్టుకుంటే దురాగ్రహం. పట్టు ఒకటే. ఏం పట్టుకున్నావన్నదే ప్రశ్న. నాకు తెలిసి మొండితనానికి ఇంతకంటే మంచి తూకంరాయి ఏ డిక్షనరీలోనూ లేదు.

ఆ తూకంరాయితో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళని తూచండి. 1990ల మొదట్లో రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకుంటూ, తమ ఇళ్ళని సారా ఎలా తినేస్తోందో మాట్లాడుకున్నారు. సారా కొట్లు మూయించారు, జిల్లాలో వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్ళలో ఎవరి చేతిలోనైనా ప్రోగ్రెస్ కార్డు పెట్టి ఉంటే, నాలాంటి టీచరు ఏం రాసి ఉండేదో ఊహించుకుంటే సిగ్గేస్తుంది.

ఇంట్లో తిరిగే ఇంగ్లీషు

ఇప్పుడు వంటింటి దాకా వచ్చిన మాటలు చూద్దాం. 'అడ్జస్ట్' అన్న మాట లేకుండా పెళ్ళిమాటలు జరగడం లేదు. 'పిల్ల అడ్జస్ట్ అవుతుందా?' అని అడుగుతారు. పిల్లవాడు అవుతాడా అని అడిగినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. ఆయన రోజూ వేడివేడిగా అన్నం వార్చాలంటే 'మావారికి ప్రిన్సిపుల్స్ ఎక్కువ'. ఆమె ఆదివారం ఒక్కపూట వంట చేయనంటే 'ఈ మధ్య చాలా రిజిడ్ అయిపోయింది'.

అన్నిటికంటే బలమైనది 'ఈగో'. 'ఆవిడకి ఈగో అండీ' అంటే చాలు, ఇక వాదన అక్కర్లేదు. లాటిన్‌లో ఈగో అంటే ఏమిటో తెలుసా? 'నేను'. అంతే. ఓ ఇల్లాలు 'మీరు, పిల్లలు, అత్తయ్యగారు' అన్న మాటల మధ్య ఒక్కసారి 'నేను' అంటే, దానికే ఇంగ్లీషులో పేరు పెట్టి తిప్పికొడుతున్నామన్నమాట.

ఇలా అంటున్నది మగవాళ్ళే అనుకోకండి. నేను ఆడదాన్నే కదా! ఎర్ర సిరా పట్టుకున్నది నా చెయ్యే కదా!

ఆ సిస్టర్ చాలా స్ట్రిక్ట్

2009లో మా అత్తగారికి ఒంట్లో బాగోలేక గుంటూరులో ఓ ఆస్పత్రిలో చేర్పించాం. ఐసీయూలో ఉంచారు. ఓ రోజు మధ్యాహ్నం కారియర్‌లో చారన్నం పట్టుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర నర్సు ఆపింది. 'నాలుగింటికి రండమ్మా' అంది. బతిమాలాను. 'పెద్దావిడ, నేను తినిపిస్తే తప్ప తినదు' అన్నాను. 'నేను తినిపిస్తాను, కారియర్ ఇటివ్వండి. లోపలికి మాత్రం నాలుగింటికే' అంది. గొంతు పెంచలేదు, దారీ వదల్లేదు. పక్క బెంచీ మీద కూర్చున్నాయన, 'ఎందుకమ్మా బతిమాలతారు! నిన్న మా ఎమ్మెల్యేగారి బావమరిదినే ఆపేసింది. ఆ సిస్టర్ చాలా స్ట్రిక్ట్. అందుకే మా నాన్నకి ఇన్‌ఫెక్షన్ రాకుండా ఉంది' అన్నాడు.

స్ట్రిక్ట్! మెచ్చుకోలుగా అన్నాడు.

అలా నిలబడటం నేను ఎక్కడో చూశాను. పరకాయించి చూశాను. ఆమె కూడా చూసింది. ముందు ఆమే గుర్తుపట్టింది. 'టీచరుగారూ!' అంది. అప్పుడూ లోపలికి రానివ్వలేదనుకోండి!

నాలుగింటికి డ్యూటీ దిగి నా పక్కన వచ్చి కూర్చుంది. పదిహేనేళ్ళుగా మోస్తున్నది దించుకున్నాను. 'ఆ కార్డులో నేనలా రాయకుండా ఉండాల్సిందమ్మా, నీకో ఏడాది పోయింది' అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. 'ఆ రోజు మీరు మా ఇంటికి వస్తే, చీటీ నాది కాదని నాన్నకి చెబుతారనుకున్నా టీచరుగారూ. చెప్పలేదు' అంది.

నిజమే. మాట అర్థం గురించి మాట్లాడానే గానీ, ఆ మాట ఎందుకు రాశానో వాళ్ళ నాన్నకి చెప్పలేదు. చెబితే నా తప్పు ఒప్పుకోవాలి కదా! ఒప్పుకోనిది ఎవరు? ఆమా, నేనా?

'మరి నాన్నని ఎలా ఒప్పించావు?' అని అప్పుడడిగాను.

'ఒప్పించలేదు. రోజూ పొద్దున్నే యూనిఫాం వేసుకుని, జడలేసుకుని, పుస్తకాల సంచీతో వీధి గుమ్మంలో కూర్చునేదాన్ని. సాయంత్రం బెల్లు వినపడ్డాక లేచి లోపలికి వెళ్ళేదాన్ని. ఒక్క ఆదివారాలు తప్ప. నాన్న ముందు తిట్టాడు, తర్వాత పలకడం మానేశాడు. మా నాన్నమ్మ, ఇది ఉడుంరా నాయనా, వదలదు అనేది. వేసవి సెలవులయ్యాక ఓ పొద్దున నాన్నే సైకిలు తీసి, ఎక్కు అన్నాడు' అంది.

యూనిఫాం ఇంకా ఒంటి మీదే ఉంది. తెల్లది.

నేను ఇంటికి వచ్చి చాలాసేపు ఆ ఏడాది గురించే ఆలోచించాను. స్కూలుకి వెళ్ళడానికి ఆ గుమ్మం ముందు నుంచే రోజూ వెళ్ళేవాళ్ళు ఎందరో. వాళ్ళలో ఒక్కరైనా ఆమెను మంచి మాటతో పిలిచి ఉంటారా? నేను ఆ వీధిలో మళ్ళీ అడుగు పెట్టలేదు.

మాట అనేముందు

రిటైరయ్యేలోగా మిగిలిన కొద్ది సంవత్సరాల్లో రిమార్కుల కాలమ్‌లో గుణం పేరు రాయడం మానేశాను. చేసిన పని రాశాను. 'లెక్క తప్పని తేలేదాకా ఒప్పుకోదు, తేలాక వెంటనే దిద్దుకుంటుంది' అని. 'అడిగిన దానికి జవాబు వచ్చేదాకా కూర్చోడు' అని. కార్డులో చోటు చాలేది కాదు. పక్క గళ్ళలోకి పోయేది. హెడ్మాస్టరుగారు విసుక్కునేవారు. తల్లిదండ్రులు మాత్రం రెండుసార్లు చదివించుకునేవారు.

మీరూ ఓ పని చేయండి. మీ అమ్మాయినో, కోడల్నో, ఆఫీసులో కింద పనిచేసే అమ్మాయినో 'అడమెంట్' అనబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఇదే పని మీ అబ్బాయి చేస్తే ఏ మాట అంటారు? ఆమె దేన్ని పట్టుకుని కూర్చుంది, ఆ పట్టు వల్ల ఎవరికి నష్టం? కారణం చెబుతోందా, మనమే వినడం లేదా? ఇవన్నీ అడిగాక కూడా అది మొండితనమే అనిపిస్తే, సరే, అలాగే అనండి. కానీ ఇంగ్లీషు వెనక దాక్కోకుండా, ఆమె ఎదురుగా, ఆమెకి అర్థమయ్యే భాషలో అనండి. జవాబు చెప్పుకునే అవకాశమైనా ఉంటుంది.

వీలైతే అటక మీదున్న మీ చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డు కూడా ఓసారి దించి చూసుకోండి. మీ గురించి ఏ టీచరమ్మ ఏం రాసిందో!